కోడు రాసే యంత్రం, నిర్దేశించే మనిషి: ఉత్పాదక కృత్రిమ మేధ – ప్రోగ్రామింగ్ నైపుణ్యాల్లో మార్పు (అన్నవరం వ్రత నమోదు ఉదాహరణగా)

వ్యాససంగ్రహం

మామూలు భాషలో అడిగిన పనికి కంప్యూటరు ప్రోగ్రామును రాసి ఇచ్చే ఉత్పాదక కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ వృత్తి స్వరూపాన్ని వేగంగా మారుస్తున్నది. కోడు రాయడానికి పట్టే శ్రమ తగ్గుతున్నకొద్దీ, ఏమి రాయాలో స్పష్టంగా నిర్దేశించడం, రాసినది సరైనదో కాదో పరీక్షించడం అనే రెండు పనుల విలువ పెరుగుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ ప్రతిపాదనను వివరించడానికి అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతాల నమోదును ఒక ఊహాత్మక అభ్యాసంగా తీసుకుని, పంచాంగం, తెలుగు లిపి, ఏకకాల నమోదు అనే మూడు చోట్ల పైకి సరిగా కనిపించే కోడు ఎలా తప్పగలదో పరిశీలిస్తుంది. గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ విద్యార్థుల ఉపాధికీ, ప్రయోగశాల బోధనకూ ఈ మార్పుతో ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉత్పాదక కృత్రిమ మేధ, ప్రోగ్రామింగ్, నిర్దేశం, పరీక్ష, పంచాంగం, యూనికోడ్, ఇంజనీరింగ్ విద్య, గోదావరి జిల్లాలు.

1. ప్రవేశిక

కాకినాడ జిల్లా శంఖవరం మండలంలోని అన్నవరం, రత్నగిరిపై వెలసిన వీర వెంకట సత్యనారాయణస్వామి క్షేత్రంగా ప్రసిద్ధం. కొండ దిగువన పంపానది, ఊరి పక్కగా 16వ నంబరు జాతీయ రహదారి, విశాఖపట్నం – విజయవాడ రైలుమార్గం ఉన్నాయి. రాజమహేంద్రవరం వైపు వెళితే సూరంపాలెం వద్ద ఆదిత్య, ప్రగతి వంటి ఇంజనీరింగ్ విద్యాసంస్థలు ఉన్నాయి. కాకినాడలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. 1946లో విశాఖపట్నంలో మొదలై కాకినాడకు తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల దీనికి మూలం. 2008లో ఇది ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది. భీమవరం, తాడేపల్లిగూడెం, రాజమహేంద్రవరం, కోనసీమ ప్రాంతాల కళాశాలలను కూడా కలుపుకుంటే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్ని లక్ష్యంగా పెట్టుకున్న విద్యార్థులు గోదావరి జిల్లాల్లో ఎంత విస్తృతంగా ఉన్నారో తెలుస్తుంది. వ్యవసాయ కుటుంబాలు, చిరు వ్యాపారులు, పురోహిత కుటుంబాలు, ఆక్వా చెరువులపై ఆధారపడినవారు తమ పిల్లల చదువుపై పెట్టిన పెట్టుబడి చాలావరకు ఈ ఒక్క వృత్తిపైనే నిలిచి ఉంది.

అటువంటి వృత్తిలో ప్రవేశానికి ఇంతకాలం ప్రధాన అర్హతగా ఉన్నది ఒక చిన్న సమస్య ఇస్తే దానికి ప్రోగ్రాము రాయగలగడం. ఇప్పుడు ఆ పనిని యంత్రం కొన్ని క్షణాల్లో చేస్తున్నది. ఈ స్థితిలో విద్యార్థి నేర్చుకోవలసినది ఏమిటి, ఉపాధ్యాయుడు పరీక్షించవలసినది ఏమిటి అన్న ప్రశ్నలు తలెత్తుతున్నాయి. వీటికి సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. యంత్రం కోడును రాసే విధానం

ఇప్పటి ఉత్పాదక కృత్రిమ మేధకు ఆధారం పెద్ద భాషా మోడళ్లు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం వీటికి పునాది. విస్తారమైన పాఠ్యరాశిని చదివించి, ఇచ్చిన భాగం తరువాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎంత ఉందో లెక్కగట్టడం వీటికి నేర్పుతారు. ఆ పాఠ్యరాశిలో వ్యాసాలు, పుస్తకాలతో పాటు బహిరంగంగా లభించే ప్రోగ్రాములూ ఉంటాయి. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం కఠినమైనది, పదజాలం పరిమితమైనది, ఒకే రకమైన పనులు వేలసార్లు పునరావృతమవుతాయి. అందువల్ల మానవ భాషలో ఎంత నేర్పు చూపుతాయో, కోడు రాయడంలోనూ ఈ మోడళ్లు అంత నేర్పు చూపగలిగాయి.

ఓపెన్ఏఐ సంస్థ రూపొందించిన కోడెక్స్ ఆధారంగా గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో పరిమితంగా, 2022 జూన్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అది ప్రధానంగా ప్రోగ్రామరు మొదలుపెట్టిన పంక్తిని పూర్తిచేసేది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక ప్రశ్న అడిగి మొత్తం ప్రోగ్రామును పొందడం అలవాటైంది. ఆ తరువాత వచ్చిన ఏజెంట్లు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. అవి ఫైళ్లను తెరిచి చదువుతాయి, మార్పులు చేస్తాయి, నడిపి చూస్తాయి, దోషం కనిపిస్తే సరిదిద్దే ప్రయత్నం చేస్తాయి. కోడును దాదాపు చదవకుండా, ఫలితాన్ని మాత్రమే చూస్తూ యంత్రంతో పని చేయించుకునే ధోరణికి ఆండ్రె కార్పథీ 2025 ఫిబ్రవరిలో ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టారు.

ఈ క్రమంలో గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. మోడల్ రాసేది అత్యంత సంభావ్యమైన కోడు. అడిగినవారి అవసరం తరచుగా కనిపించే అవసరాల వంటిదే అయితే సంభావ్యమైనదీ సరైనదీ ఒకటవుతాయి. అవసరం ఒక ప్రాంతానికో, ఒక ఆచారానికో, ఒక లిపికో ప్రత్యేకమైనదైతే ఆ రెండింటి మధ్య దూరం ఏర్పడుతుంది. ఆ దూరాన్ని గుర్తించవలసినవాడు మనిషే.

3. వేగం, నాణ్యత: అధ్యయనాలు చూపినవి

కృత్రిమ మేధ వల్ల పని వేగం పెరిగిందా అన్న ప్రశ్నకు అధ్యయనాలు ఒకే సమాధానం ఇవ్వలేదు. కోపైలట్‌పై జరిగిన ఒక నియంత్రిత ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వరు రాసే పని ఇచ్చారు. సాధనాన్ని వాడినవారు 55.8 శాతం తక్కువ సమయంలో పూర్తిచేశారు. అది కొత్తగా మొదలుపెట్టే, హద్దులు స్పష్టంగా ఉన్న పని.

దీనికి భిన్నమైన ఫలితం 2025 జూలైలో మీటర్ అనే పరిశోధన సంస్థ ప్రచురించిన అధ్యయనంలో కనిపించింది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో దీర్ఘానుభవం ఉన్న 16 మంది, తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ సాధనాలను అనుమతించిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని మొదలుపెట్టకముందు వారు 24 శాతం సమయం కలిసివస్తుందని అంచనా వేశారు. పని ముగిశాక కూడా 20 శాతం కలిసివచ్చిందనే భావించారు. అధ్యయనం చిన్నది, సాధనాలు తరువాత మెరుగుపడ్డాయి. అయినా వేగంగా పని జరుగుతున్నదన్న అనుభూతికీ గడియారం చూపే వాస్తవానికీ తేడా ఉండగలదని ఇది నిరూపించింది.

నాణ్యత విషయంలోనూ జాగ్రత్త అవసరమే. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో 89 సందర్భాల్లో కోపైలట్ చేత 1,689 ప్రోగ్రాములు రాయించగా, వాటిలో సుమారు 40 శాతంలో భద్రతా లోపాలు కనిపించాయి. అసలు లేని ప్యాకేజీల పేర్లను మోడళ్లు కల్పించి వాడుతున్నాయని తరువాతి పరిశోధనలు చూపాయి. ఆ పేరుతో ఎవరైనా హానికరమైన ప్యాకేజీని సిద్ధంగా ఉంచితే, కోడును చదవకుండా నడిపినవారి కంప్యూటరులోకి అది నేరుగా ప్రవేశిస్తుంది.

అయినప్పటికీ పరిశ్రమ వెనక్కి తిరిగి చూడడం లేదు. గూగుల్‌లో కొత్తగా రాసే కోడులో నాలుగోవంతుకు పైగా ఏఐ రాస్తున్నదని, దాన్ని ఇంజనీర్లు సమీక్షించి ఆమోదిస్తున్నారని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో ప్రకటించారు. మైక్రోసాఫ్ట్‌లో ఆ వాటా 20 నుంచి 30 శాతం దాకా ఉండవచ్చని హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో చెప్పారు. పిచాయ్ ప్రకటనలో ‘సమీక్షించి ఆమోదించడం’ అన్న మాట ఈ చర్చకు కీలకం. కోడును రాసే పనిలో కొంత భాగం యంత్రానికి వెళ్లింది. ఆమోదించే బాధ్యత మనిషి దగ్గరే మిగిలింది.

4. ఉదాహరణ: వ్రత నమోదు ప్రోగ్రాము

అన్నవరంలో వ్రతాలను సామూహికంగా, విడతలవారీగా నిర్వహిస్తారు. పురోహితుడి సూచనల ప్రకారం అనేక జంటలు ఒకేసారి వ్రతం చేసుకుంటారు. కార్తీకమాసంలో రద్దీ విపరీతంగా ఉంటుంది. ఇటువంటి వ్రతాల నమోదుకు ఒక ప్రోగ్రాము రాయమని విద్యార్థికి అభ్యాసం ఇచ్చారని అనుకుందాం. ఇది బోధన కోసం కల్పించుకున్న సమస్య మాత్రమే. దేవస్థానం వాడుతున్న వ్యవస్థకూ దీనికీ సంబంధం లేదు. విద్యార్థి యంత్రానికి ఇచ్చే ఆదేశం ఇలా ఉంటుంది: “భక్తుల పేరు, గోత్రం, తేదీ తీసుకుని వ్రతం టిక్కెట్టు ఇవ్వాలి. కార్తీకమాసంలో విడతల సంఖ్య పెంచాలి. ఒక్కో విడతకు నిర్ణీత సంఖ్యకు మించి టిక్కెట్లు ఇవ్వరాదు.” మామూలు పాఠకుడికి ఈ మూడు వాక్యాలు సంపూర్ణంగానే తోస్తాయి. ప్రోగ్రాముగా మార్చబోతే మూడు వాక్యాల్లోనూ ఖాళీలు బయటపడతాయి.

4.1 మాసం ఎప్పుడు మొదలవుతుంది?

కార్తీకాన్ని నవంబరు నెలగా తీసుకోవడం అతి సులభమైన పరిష్కారం. అది తప్పని పంచాంగం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. తెలుగువారి కార్తీకం 2023లో నవంబరు 14 నుంచి డిసెంబరు 12 వరకు, 2024లో నవంబరు 2 నుంచి డిసెంబరు 1 వరకు, 2025లో అక్టోబరు 22 నుంచి నవంబరు 20 వరకు నడిచింది. చాంద్రమాసాన్ని గణించే కోడును వాడితే ఈ తప్పు తొలగుతుంది. అయితే అంతకంటే సూక్ష్మమైన తప్పు ఇంకొకటి పొంచి ఉంటుంది.

తెలుగువారు పాటించేది అమావాస్యతో ముగిసే అమాంత మానం. ఉత్తర భారతంలో పౌర్ణమితో ముగిసే పూర్ణిమాంత మానం వాడుకలో ఉంది. ఆ లెక్కన 2025లో కార్తీకం అక్టోబరు 8న మొదలై నవంబరు 5న, కార్తీక పౌర్ణమితో ముగిసింది. యంత్రం తెచ్చిన పంచాంగ గణన పూర్ణిమాంత పద్ధతిలో ఉంటే, పౌర్ణమి తేదీ సరిగ్గానే వస్తుంది. దాన్ని ఒక్కదాన్నే సరిచూసిన విద్యార్థి తృప్తిపడతాడు. కాని నవంబరు 6 నుంచి 20 వరకు ఉన్న కార్తీక బహుళ పక్షం మొత్తం మామూలు రోజులుగా మిగిలిపోతుంది. ఆ ఏడాది నాలుగు కార్తీక సోమవారాల్లో రెండు, నవంబరు 10, 17 తేదీలు, ఆ పక్షంలోనే వచ్చాయి. ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, దోష సందేశమూ చూపదు. రద్దీ రోజున విడతలు మాత్రం తక్కువగా ఉంటాయి.

అధికమాసం ఇంకొక చిక్కు. దేవస్థాన చరిత్ర ప్రకారం స్వామివారి ప్రతిష్ఠ ఖర నామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియనాడు, 1891 ఆగస్టు 6న జరిగింది. ఏటా ఆ తిథిని వెతకమని ప్రోగ్రాముకు చెబితే 2023లో రెండు శ్రావణ శుద్ధ విదియలు ఎదురవుతాయి. ఆ ఏడాది జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం, ఆ వెంటనే నిజ శ్రావణం వచ్చాయి. ఉత్సవాలకు నిజమాసాన్ని గ్రహించడం సంప్రదాయం. ఈ నియమం ఆదేశంలో లేకపోతే మొదట కనిపించిన విదియనే ప్రోగ్రాము తీసుకుంటుంది. సంవత్సర నామంతోనూ ఇదే ఇబ్బంది. ఖర నామం అరవై ఏళ్లకొకసారి, 1891, 1951, 2011లలో వచ్చింది. పేరు ఒక్కదానితో సంవత్సరాన్ని నిర్ణయించలేము.

4.2 పేరులో ఎన్ని అక్షరాలు?

టిక్కెట్టుపై పేరుకు పది అక్షరాల చోటు ఉందని అనుకుందాం. ‘వెంకటసత్యనారాయణ’ అన్న పేరును తెలుగు చదివినవారు వెం, క, ట, స, త్య, నా, రా, య, ణ అని లెక్కించి తొమ్మిది అక్షరాలు అంటారు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, సున్న, పొల్లు దేనికదే ఒక స్థానం. ఆ లెక్కన ఈ పేరులో పదిహేను స్థానాలు ఉన్నాయి. పొడవును కొలిచే మామూలు ఆదేశం చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ స్థానాలనే లెక్కిస్తుంది. పది దగ్గర కోస్తే టిక్కెట్టుపై ‘వెంకటసత్యన’ అని ముద్రితమవుతుంది. కోత ఇంకొక చోట పడితే ఒత్తు తెగి ‘సత్య’ కాస్తా ‘సత్’ అవుతుంది.

నిల్వ చేసేటప్పుడు మూడో లెక్క వస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు స్థానానికి మూడు బైట్లు కావాలి. ‘అన్నవరం’ పాఠకుడికి నాలుగు అక్షరాలు, యూనికోడ్‌లో ఏడు స్థానాలు, నిల్వలో ఇరవైయొక్క బైట్లు. ఇరవై బైట్ల హద్దు ఉన్న చోట చివరి సున్న ముక్కలవుతుంది. ఇంగ్లీషు పేర్లలో సాధారణంగా ఈ మూడు లెక్కలూ ఒకటే. అందువల్ల ఇంగ్లీషు పేర్లతో పరీక్షిస్తే ఈ దోషం ఎన్నటికీ కనిపించదు. ఇంటిపేరు ముందుండే తెలుగు అలవాటుకు, ‘మొదటి పేరు, చివరి పేరు’ అన్న గడులు సరిపోకపోవడం కూడా ఈ కోవకే చెందుతుంది.

4.3 చివరి టిక్కెట్టు ఎవరిది?

ఒక విడతలో ఒకే టిక్కెట్టు మిగిలి ఉంది. కొండపై కౌంటరులో ఒకరు, ఇంట్లో ఫోను పట్టుకుని ఇంకొకరు ఒకే క్షణంలో ప్రయత్నించారు. ప్రోగ్రాము మొదట మిగిలిన సంఖ్యను చదివి, అది సున్న కంటే ఎక్కువైతే టిక్కెట్టు ఇచ్చి, తరువాత సంఖ్యను తగ్గిస్తుంది. ఇద్దరి కోసమూ చదివినప్పుడు ఆ సంఖ్య ఒకటే. ఇద్దరికీ టిక్కెట్టు వెళుతుంది. విద్యార్థి తన కంప్యూటరుపై ఒంటరిగా వందసార్లు పరీక్షించినా ఈ దోషం బయటపడదు. చదవడం, తగ్గించడం అనే రెండింటినీ విడదీయరాని ఒకే లావాదేవీగా డేటాబేసులో జరిపించాలి. ఇది డేటాబేసు, ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాల్లో దశాబ్దాలుగా చెబుతున్న సూత్రమే. అడిగితే యంత్రం ఈ జాగ్రత్తను చక్కగా రాసిపెడుతుంది. అడగాలని తట్టడానికి ఆ సూత్రం తెలిసి ఉండాలి.

5. నైపుణ్యాల్లో వచ్చిన మార్పు

పై ఉదాహరణ నుంచి నాలుగు నైపుణ్యాలను గుర్తించవచ్చు.

మొదటిది నిర్దేశం. ‘కార్తీకమాసం’ అన్న మాటను ‘అమాంత మానం ప్రకారం, శుద్ధ పాడ్యమి నుంచి అమావాస్య వరకు’ అని విప్పి చెప్పగలగడం. ఇది భాషపై పట్టునూ, విషయ పరిజ్ఞానాన్నీ కోరుతుంది. పురోహితుడినో, కౌంటరు గుమాస్తానో అడిగి తెలుసుకోవలసిన విషయాలు ఇందులో ఎక్కువ. గోదావరి జిల్లాల్లో ఇటువంటి పరిజ్ఞానం అడుగడుగునా ఉంది. రొయ్యల వ్యాపారంలో ‘కౌంటు’ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. కౌంటు తగ్గినకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. సంఖ్య పెరిగితే ధర పెరుగుతుందని భావించి రాసిన ప్రోగ్రాము రైతు లెక్కను తలకిందులు చేస్తుంది. ధాన్యం బస్తా అంటే ఎన్ని కిలోలో చెప్పకపోతే మిల్లు లెక్కలూ అంతే.

రెండోది చదవడం. ఇంతవరకు శిక్షణలో రాయడానికి ఇచ్చిన ప్రాధాన్యం చదవడానికి ఇవ్వలేదు. యంత్రం ఒక్కసారిగా వందల పంక్తులు కుమ్మరించినప్పుడు, వాటిలో ఏది ముఖ్యమో, ఏది అనుమానాస్పదమో పసిగట్టడం వేరే విద్య. వాక్యం చక్కగా ఉన్నంతమాత్రాన విషయం నిజం కానట్టే, కోడు తీరుగా ఉన్నంతమాత్రాన సరైనది కాదు.

మూడోది పరీక్ష. కోడుకంటే ముందే, ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితం రావాలో రాసి ఉంచుకోవడం దీనిలో ప్రధానం. 2025 నవంబరు 17 కార్తీకమే కావాలి, 2025 అక్టోబరు 15 కాకూడదు, ‘వెంకటసత్యనారాయణ’ తెగకుండా రావాలి, చివరి టిక్కెట్టుకు ఇద్దరు పోటీపడితే ఒక్కరికే దక్కాలి. ఈ నాలుగు పంక్తులు ముందే ఉంటే పైన చెప్పిన దోషాలు నిమిషాల్లో దొరుకుతాయి. పరీక్షలను కూడా యంత్రం చేతే రాయించవచ్చు. అయితే కోడును నడిపించిన అపార్థమే పరీక్షలోనూ చేరితే రెండూ ఏకీభవించి తప్పును దాచిపెడతాయి.

నాలుగోది బాధ్యత. టిక్కెట్టు రెండుసార్లు అమ్ముడైతే సంజాయిషీ చెప్పవలసినది ప్రోగ్రామును ఆమోదించిన వ్యక్తి, సంస్థ. భక్తుల పేర్లు, గోత్రాలు, ఫోను నంబర్లు వంటి వ్యక్తిగత వివరాలను పరీక్ష నిమిత్తం బయటి ఏఐ సేవకు పంపరాదన్న విచక్షణ కూడా ఈ బాధ్యతలో భాగం. ప్రభుత్వ సేవలు ఫోనులోకి చేరిన ఈ కాలంలో ఈ విచక్షణ మరింత అవసరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను ప్రారంభించింది. దేవాదాయ శాఖ సేవలు కూడా అందులో ఉన్నాయి.

6. కొత్తగా వృత్తిలో చేరేవారి స్థితి

తెలుగువారు సాఫ్ట్‌వేర్ రంగంలో విస్తరించిన తొలిదశలో వై2కె సమస్య పెద్ద అవకాశమైంది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములను పంక్తి పంక్తీ సరిచేయడానికి వేలాది చేతులు కావలసివచ్చాయి. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు జిల్లాల నుంచి వచ్చిన పట్టభద్రులతో నిండాయి. ఆ తరువాత సేవా సంస్థలు కళాశాలల ప్రాంగణాల్లోనే ఉద్యోగులను ఎంపిక చేసుకుని, కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, మొదట చిన్న దోషాలు సరిచేయడం, పరీక్షలు నడపడం, పాత కోడుకు మార్పులు చేయడం వంటి పనులు అప్పగించేవి. ఆ చిన్న పనుల్లో చేసిన తప్పులు, పెద్దలు చేసిన సవరణలే కొత్త ఉద్యోగికి వివేచనను నేర్పాయి.

కృత్రిమ మేధ ముందుగా చేపడుతున్నది సరిగ్గా ఆ చిన్న పనులనే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025 ఆగస్టులో వెలువరించిన పత్రం ప్రకారం, అమెరికాలో ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్ల వయసువారి ఉపాధి సాపేక్షంగా 13 శాతం తగ్గింది. అనుభవజ్ఞుల ఉపాధి నిలకడగా ఉండడమో, పెరగడమో జరిగింది. ఈ అంకెను నేరుగా మన జిల్లాలకు అన్వయించలేము. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2025 జూలైలో తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే పన్నెండు వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు, దాని ప్రభావం ముఖ్యంగా మధ్య, ఉన్నత స్థాయిలవారిపై ఉంటుందని తెలిపింది. ఏఐ వల్ల పెరిగిన ఉత్పాదకత అందుకు కారణం కాదని కూడా ఆ సంస్థ అధిపతి చెప్పారు. కాబట్టి ప్రతి ఉద్యోగ నష్టాన్నీ కృత్రిమ మేధకు ఆపాదించడం శాస్త్రీయం కాదు.

అయినా మౌలికమైన ప్రశ్న మిగిలే ఉంది. యంత్రం రాసిన కోడును సమీక్షించడానికి అనుభవజ్ఞులు కావాలి. అనుభవజ్ఞులు ఒకప్పటి కొత్తవారే. కొత్తవారికి పని దొరకకపోతే పదేళ్ల తరువాత సమీక్షించేవారు ఎక్కడి నుంచి వస్తారు? ఒక్కొక్క సంస్థ తన లాభాన్ని చూసుకుని కొత్తవారిని తగ్గించుకోవడం సహేతుకంగానే తోచవచ్చు. అన్ని సంస్థలూ అదే దారి పడితే వృత్తి మొత్తానికే విత్తనం కరవవుతుంది. అన్నవరానికి సుమారు వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ కేంద్రాన్ని నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. యంత్రాలు దగ్గరికి వచ్చినంతమాత్రాన వాటిని శాసించే నైపుణ్యం రాదు. దాన్ని కళాశాలలే కల్పించాలి.

7. ప్రయోగశాల బోధన: కొన్ని ప్రతిపాదనలు

ఇంజనీరింగ్ ప్రయోగశాలలో విద్యార్థి ఉద్దేశం, ఆల్గరిథమ్, ప్రోగ్రాము, ఫలితం అన్న వరుసలో రికార్డు రాస్తాడు. సీనియర్ల రికార్డు చూసి రాసే అలవాటు ఏఐకి ముందునుంచీ ఉన్నదే. ఇప్పుడు చూసి రాయవలసిన అవసరం కూడా లేకుండా పోయింది. రికార్డు ఎంత నిండుగా ఉన్నా విద్యార్థికి ఏమి తెలుసో అది చెప్పలేదు. నిషేధం దీనికి పరిష్కారం కాదు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచి ఆ సాధనాలే వాడవలసి ఉంటుంది. అదుపులేని అనుమతి కూడా చేటే. కూడికలు రానివారు క్యాలిక్యులేటరు చూపిన తప్పును పట్టుకోలేరు. ఈ రెండింటికీ మధ్య అనుసరించదగిన మార్గాలు కొన్ని ఉన్నాయి.

మొదటి సెమిస్టరులో సి భాష పునాదులను యంత్ర సహాయం లేకుండా, ప్రయోగశాలలోనే నేర్పాలి. మెమరీ, లూపు, ఫంక్షన్ ఎలా పనిచేస్తాయో చేతితో రాసి, నడిపి, తప్పుచేసి నేర్చుకున్నవారికే తరువాత సమీక్షించే శక్తి అలవడుతుంది.

రెండో ఏడాది నుంచి దోషం దాగిన కోడును ఇచ్చి దాన్ని వెతకమనే అభ్యాసాలు పెట్టాలి. పైన వివరించిన పంచాంగం, పేరు, టిక్కెట్టు సమస్యలు ఇందుకు తగినవి. మార్కుల్లో సగం విద్యార్థి ముందుగా రాసుకున్న పరీక్షలకు కేటాయించవచ్చు.

వైవాలో సిద్ధాంత ప్రశ్నలకు బదులు అవసరాన్ని మార్చి చూడాలి. “ఒకే కుటుంబం రెండు విడతలకు నమోదు చేసుకోకూడదంటే ఎక్కడ మారుస్తావు?” అని అడిగితే కోడు అర్థమైనవారూ, అతికించినవారూ రెండు నిమిషాల్లో వేరవుతారు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు స్థానిక సంస్థ నుంచి అవసరాన్ని సేకరించి, ముందు తెలుగులో రాయించాలి. వసతిగృహం, రైస్ మిల్లు, రొయ్యల కొనుగోలు కేంద్రం, గ్రామ సచివాలయం ఏదైనా కావచ్చు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషులో తడబడే విద్యార్థులు ఇంతకాలం ఈ రంగంలో వెనకబడ్డారు. ఇప్పటి మోడళ్లు తెలుగును గ్రహించగలుగుతున్నాయి. నిర్దేశమే ప్రధాన నైపుణ్యమైనప్పుడు, మాతృభాషలో స్పష్టంగా ఆలోచించి రాయగలగడం సాంకేతిక అర్హత అవుతుంది. తెలుగు శాఖలు, కంప్యూటరు శాఖలు కలిసి బోధించవలసిన అంశమిది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఉత్పాదక కృత్రిమ మేధ అత్యంత సంభావ్యమైన కోడును రాస్తుంది. స్థానిక ఆచారం, లిపి, వ్యాపార పద్ధతి ప్రవేశించిన చోట సంభావ్యతకూ యథార్థతకూ అంతరం ఏర్పడుతుంది.

2. పని వేగంపై అధ్యయనాల ఫలితాలు పని స్వభావాన్ని బట్టి మారుతున్నాయి. వాడేవారి అనుభూతిని కొలతగా తీసుకోలేము.

3. పంచాంగం, తెలుగు అక్షరం, ఏకకాల నమోదు ఉదాహరణల్లో దోషాలు ప్రోగ్రామును ఆపవు. ముందుగా రాసుకున్న పరీక్షలు, విషయ పరిజ్ఞానం ఉన్నప్పుడే అవి బయటపడతాయి.

4. నిర్దేశించడం, చదవడం, పరీక్షించడం, బాధ్యత వహించడం ప్రోగ్రామింగ్ విద్యలో కేంద్రస్థానానికి రావాలి. వాటికి ఆధారమైన కంప్యూటరు శాస్త్ర మౌలిక సూత్రాల అవసరం తగ్గలేదు.

5. కొత్తవారు నేర్చుకునే చిన్న పనులు యంత్రానికి వెళుతున్నందువల్ల, ఆ అభ్యాసాన్ని కళాశాల ప్రయోగశాలలే అందించవలసి ఉంది.

పంపా తీరం నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బయలుదేరే విద్యార్థికి కోడు రాయడం ఒక్కటే ఇకపై అర్హతగా మిగలదు. తన ప్రాంతపు మాసం, మాట, లెక్క తనకు తెలుసు. వాటిని యంత్రానికి తప్పులేకుండా చెప్పి, అది ఇచ్చిన జవాబును నిలదీయడం నేర్చుకుంటే ఆ పరిజ్ఞానమే అతని వృత్తికి మూలధనమవుతుంది.